పోస్టర్ మీది కోట్లు, ట్రైలర్‌లోని కథ

ఈ నెల ఉత్తరాల్లో కొన్ని వసూళ్ళ లెక్కల గురించి, కొన్ని ట్రైలర్ల మీద ఫిర్యాదులు. ఈ రెండింటికీ దగ్గర చుట్టరికం ఉంది కాబట్టి కలిపే ఇస్తున్నాం. లెక్క అర్థం కావడానికి మేం ఊహించి వేసిన అంకెలు ఎక్కడున్నాయో అక్కడే చెప్పాం.

ప్రశ్న: ఒకే సినిమాకి నిర్మాత పోస్టర్‌లో 100 కోట్లు అంటారు. హిందీ ట్రేడ్ వాళ్ళు 84 కోట్లు అంటారు. మన ట్రేడ్ రిపోర్టులో 52 కోట్లు ఉంటుంది. ఎవర్ని నమ్మాలండీ? (తెనాలి)

ముగ్గురూ నిజమే చెబుతూ ఉండొచ్చు. ప్రేక్షకుడు టికెట్‌కి కట్టిన మొత్తం గ్రాస్. అందులోంచి జీఎస్టీ తీసేస్తే నెట్. నెట్‌లోంచి థియేటర్ వాటా గానీ అద్దె గానీ పోయాక డిస్ట్రిబ్యూటర్ చేతికి వచ్చేది షేర్. పోస్టర్ మీద గ్రాస్ వేస్తారు, హిందీ వాళ్ళు నెట్ చెబుతారు, మనవాళ్ళు షేర్ మాట్లాడతారు. తమిళ, మలయాళ ట్రేడ్ గ్రాస్‌లోనే నడుస్తుంది. విదేశాల లెక్క కూడా గ్రాసే. ఒక హీరో షేర్ పక్కన ఇంకో హీరో గ్రాస్ పెట్టి వాదించుకునే అభిమానుల గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి.

ఒక టికెట్ మీద చూద్దాం. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి 120వ నంబరు జీవో మల్టీప్లెక్స్ మామూలు సీటుకి 250 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది. 18 శాతం జీఎస్టీ 45 రూపాయలు కలిస్తే మీరు కట్టేది 295. మొదటి వారం నెట్‌లో 55 శాతం డిస్ట్రిబ్యూటర్‌కి అని ఒప్పందం ఉంటే ఆ టికెట్ మీద షేర్ 137 రూపాయల 50 పైసలు. అంటే మీరిచ్చిన 295లో సగం కూడా సినిమా కొన్నవాడికి చేరదు. 100 రూపాయల లోపు టికెట్ల మీద పన్ను తక్కువ. అది 2019 నుంచి 12 శాతంగా ఉండి, 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి దిగింది. అందుకే చిన్న సెంటర్ల గ్రాస్‌కీ నెట్‌కీ మధ్య తేడా తక్కువ, మల్టీప్లెక్స్‌లో ఎక్కువ.

పోస్టర్ అంకెలో ఇంకో చిక్కుంది. మన దేశంలో టికెట్ల లెక్కను ఒకచోట పోగుచేసి బయటపెట్టే వ్యవస్థ లేదు. దక్షిణ కొరియాలో ప్రభుత్వ ఫిల్మ్ కౌన్సిల్ రోజువారీ టికెట్ల సంఖ్యను ఎవరైనా చూసుకునేలా పెడుతుంది. మన దగ్గర థియేటర్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కి వెళ్ళే డీసీఆర్, అంటే రోజువారీ కలెక్షన్ రిపోర్టే అసలు కాగితం. అది బయటి వాళ్ళకి కనిపించదు. కనుక పోస్టర్‌ని ప్రకటనగా చూడండి, లెక్కగా కాదు.

ప్రశ్న: మా హీరో సినిమాకి 60 కోట్ల షేర్ వచ్చింది. అయినా ఫ్లాప్ అని రాస్తున్నారు. ఇది కుట్ర కాదా? (భీమవరం)

కుట్ర కాదు, కొనుబడి ధర. థియేటర్ హక్కులు 75 కోట్లకి అమ్మిన సినిమాకి 60 వస్తే 15 కోట్ల లోటు. అదే 60 కోట్లు 40కి అమ్మిన సినిమాకి వస్తే బ్లాక్‌బస్టర్. షేర్‌ని ఒంటరిగా చూస్తే ఏమీ తెలియదు, పక్కన ధర ఉండాలి.

ఏ పద్ధతిలో అమ్మారో కూడా చూడాలి. ఔట్‌రైట్ అయితే ఆ ప్రాంతం హక్కు ఒప్పందకాలం మొత్తానికి కొన్నవాడిదే, లాభనష్టాలు రెండూ వాడివే. ఎన్‌ఆర్‌ఏ అంటే తిరిగి ఇవ్వక్కర్లేని అడ్వాన్సు. సినిమా పోతే నష్టం కొన్నవాడిది. ఆడితే అడ్వాన్సు, ఖర్చులు, కమీషను రాబట్టుకున్నాక మిగిలిన ఓవర్‌ఫ్లోస్‌లో నిర్మాతకి వాటా ఉంటుంది. మామూలు అడ్వాన్స్ పద్ధతిలో లోటుని నిర్మాత తిరిగి కట్టాలి, లేదా తర్వాతి సినిమాలో సర్దాలి. రిలీజ్ ముందురోజు రాత్రి పాత బాకీల పంచాయితీలు నడిచేది ఎక్కువగా వీటి మీదే. కమీషన్ పద్ధతిలో డిస్ట్రిబ్యూటర్ కేవలం రిలీజ్ చేసిపెడతాడు, రిస్కంతా నిర్మాతదే. పెద్ద నిర్మాతలు నైజాంలో (ట్రేడ్ భాషలో తెలంగాణ) సొంతంగా విడుదల చేసుకున్నప్పుడు వార్తల్లో కనిపించే 'ధర' అమ్మినది కాదు, వాళ్ళు వేసుకున్న విలువ. ఆ సినిమాకి బ్రేక్ ఈవెన్, అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడం, అన్నమాటే సగం ఊహ.

తెలుగు రాష్ట్రాల్లో ఈ లెక్క నైజాం, సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడివిడిగా నడుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 26 జిల్లాలు వచ్చినా ట్రేడ్‌కి ఇప్పటికీ పాత సరిహద్దులే. నైజాంలో లాభం తెచ్చిన సినిమా సీడెడ్‌లో బయ్యర్‌ని ముంచొచ్చు. పైగా ఓటీటీ, శాటిలైట్, ఆడియో, హిందీ డబ్బింగ్ హక్కులతో నిర్మాత ముందే ఒడ్డున పడి ఉండొచ్చు. హిట్టా ఫ్లాపా అని అడిగేటప్పుడు 'ఎవరికి' అని కూడా అడగండి. మా పత్రికలో మాత్రం థియేటర్ హక్కులు కొన్నవాడికి డబ్బు తిరిగి వచ్చిందా లేదా అన్నదే కొలత.

ప్రశ్న: 2025 మేలో థియేటర్ల వాళ్ళు అద్దె పద్ధతి వద్దు, పర్సంటేజీ కావాలని బంద్‌కి సిద్ధమయ్యారు. రెంటికీ తేడా ఎంత? చిన్న సినిమాకి ఏది మేలు? (ఖమ్మం)

చాలా మంచి ప్రశ్న. తెలుగు సినిమా ఆర్థికమంతా ఈ ఒక్క లెక్కలో ఉంది. మల్టీప్లెక్స్‌లు శాతం పద్ధతిలో నడుస్తాయి, వారం మారేకొద్దీ డిస్ట్రిబ్యూటర్ శాతం తగ్గుతుంది. హిందీ సినిమాలకి 2009 గొడవ తర్వాత కుదిరిన ఒప్పందంలో అది 50, 42.5, 37.5, 30గా దిగుతుంది. మన సింగిల్ స్క్రీన్లలో ఎక్కువ చోట్ల వారానికి ఇంత అని అద్దె.

ఊహా ఉదాహరణ వేద్దాం. 700 సీట్లు, రోజుకి 4 ఆటలు, వారానికి 19,600 సీట్లు. జీఎస్టీ పోగా సగటు టికెట్ 130 రూపాయలు. వారం అద్దె 4 లక్షలు.

పెద్ద సినిమా మొదటి వారం 80 శాతం నిండితే నెట్ 20,38,400. అద్దె పోగా షేర్ 16,38,400. అదే 55 శాతం లెక్కన అయితే డిస్ట్రిబ్యూటర్‌కి 11,21,120, థియేటర్‌కి 9,17,280. అద్దె పద్ధతిలో 4 లక్షలు దక్కే చోట 9 లక్షల పైన వస్తాయంటే థియేటర్ యజమాని ఎందుకు అడుగుతున్నాడో, పెద్ద సినిమా నిర్మాత ఎందుకు ఒప్పుకోవట్లేదో తెలుస్తుంది.

రెండో వారం 15 శాతానికి పడిపోయిందనుకోండి. నెట్ 3,82,200. అద్దె 4 లక్షలు. డిస్ట్రిబ్యూటర్ జేబులోంచి ఇంకా 17,800 కట్టాలి. దీన్నే నెగటివ్ షేర్ అంటారు. థియేటర్లో జనం కనిపిస్తున్నా మంగళవారం, బుధవారం సినిమా ఎత్తేస్తున్నారంటే కారణం తరచు ఇదే. ఆచరణలో రెండో వారం అద్దె తగ్గించమనో, షేరింగ్ మీద నడపమనో బేరం జరుగుతుంది. అది కుదిరిన చోట బొమ్మ నిలుస్తుంది.

ఇక చిన్న సినిమా. మొదటి వారమే 20 శాతం నిండితే నెట్ 5,09,600. అద్దె పద్ధతిలో చేతికొచ్చేది 1,09,600. డిజిటల్ ప్రొజెక్షన్ ఛార్జీలు, పోస్టర్ల ఖర్చు అందులోంచే. 55 శాతం పద్ధతిలో అయితే 2,80,280 వస్తుంది. అంటే శాతం పద్ధతి చిన్న సినిమాకి మేలు, పెద్ద సినిమా ఆడే వారాల్లో థియేటర్‌కీ మేలు. అద్దె పద్ధతి పెద్ద సినిమా మొదటి వారానికి మేలు. మా అభిప్రాయం అడిగితే, ఊళ్ళలో సింగిల్ స్క్రీన్లు కళ్యాణమండపాలుగా మారకుండా ఉండాలంటే శాతం పద్ధతికి రాక తప్పదు. అడ్డుపడుతున్నది ఒక ముడి. చాలా థియేటర్లు లీజు మీద డిస్ట్రిబ్యూటర్ల చేతిలోనే ఉన్నాయి. అద్దె తీసుకునేవాడూ వాడే, సినిమా పంచేవాడూ వాడే అయినచోట లెక్క ఎటు తిప్పినా వాడికి నష్టం రాదు.

ప్రశ్న: మొదటిరోజు షేర్ పక్కన 'హైర్స్‌తో కలిపి' అని రాస్తారు. అవేంటి? (ఏలూరు)

మొదటిరోజుకో, కొన్ని రోజులకో థియేటర్ యజమాని డిస్ట్రిబ్యూటర్‌కి ఒకే మొత్తం కట్టి ఆట తనదిగా తీసుకోవడం. హాలు నిండినా నిండకపోయినా ఆ మొత్తం డిస్ట్రిబ్యూటర్‌ది. కాబట్టి మొదటిరోజు షేర్‌లో హైర్స్ ఎక్కువ కలిస్తే ఆ అంకె జనాదరణని చూపించదు, థియేటర్ల పోటీని చూపిస్తుంది. రెండోరోజు అంకె సగానికి పడితే కంగారుపడే ముందు హైర్స్ తీసేసి పోల్చండి.

ప్రశ్న: బుకింగ్ యాప్‌లో సీట్లు లెక్కపెట్టి వసూళ్ళు అంచనా వేస్తుంటాను. ఎక్కడ తప్పు పోతుంది? (కరీంనగర్)

మూడు చోట్ల. మొదటిది, బూడిద రంగు సీటు అమ్ముడైందనుకోవడం. కౌంటర్ కోసం, అభిమాన సంఘాల కోసం, థియేటర్ సిబ్బంది కోసం ఆపిన సీట్లు కూడా అలాగే కనిపిస్తాయి. రిలీజ్ ముందురోజు ఒక వరుస మొత్తం బూడిదైపోయి, ఆట మొదలయ్యే గంట ముందు మళ్ళీ తెరుచుకుంటే అది బ్లాకింగే. రెండోది, చిన్న సెంటర్లు. మండల కేంద్రం థియేటర్లో అమ్మకం చాలావరకు కౌంటర్ మీదే జరుగుతుంది, యాప్‌లో ఖాళీగా కనిపించే ఆటకి హాల్లో జనం ఉండొచ్చు. మూడోది, సీట్లు లెక్కపెట్టేవాళ్ళందరూ శుక్రవారం లెక్క మాత్రమే చూసి ఆగిపోతారు.

ఇలా చేయండి. మీ ప్రాంతంలో ఒక మల్టీప్లెక్స్, రెండు పట్టణ సింగిల్ స్క్రీన్లు, ఒక చిన్న సెంటరు ఎంచుకోండి. ప్రతి సినిమాకీ అవే మార్చకుండా చూడండి. ఆట మొదలయ్యే 10 నిమిషాల ముందు మాత్రమే లెక్కపెట్టండి. శుక్రవారం ఫస్ట్ షో, సోమవారం ఫస్ట్ షో, మంగళవారం మ్యాట్నీ నమోదు చేయండి. సోమవారం ఫస్ట్ షోలో శుక్రవారం జనంలో సగం నిలిస్తే సినిమా నిలిచినట్టే. పెంచిన ధరలతో వచ్చిన సినిమాకి రూపాయల్లో కాక సీట్లలో పోల్చాలి. ధర తగ్గాక రూపాయలు పడతాయి గానీ జనం పడకపోవచ్చు. చిన్న సెంటర్‌కి మీ లెక్క వదిలేసి, ఆ ఊళ్ళో ఉన్నవాళ్ళనెవరినైనా అడగడమే మార్గం.

ప్రశ్న: అమెరికాలో మిలియన్ డాలర్లు వస్తే బయ్యర్‌కి ఎంత మిగులుతుంది? (డాలస్)

మిలియన్ అన్నది గ్రాస్. థియేటర్ సుమారు సగం ఉంచుకుంటుంది. డాలరు 85 రూపాయల లెక్కన మిగిలింది నాలుగుంపావు కోట్లు. అందులోంచి ప్రచారం, డిజిటల్ ఖర్చులు తీసేయాలి. అక్కడి అంకెలు కామ్‌స్కోర్ అనే సంస్థ థియేటర్ల నుంచి నేరుగా తీసుకుంటుంది కాబట్టి మన అంకెల కన్నా నమ్మదగ్గవి. ప్రీమియర్ టికెట్ ధర మామూలు రోజు కన్నా బాగా ఎక్కువ కనుక ప్రీమియర్ గ్రాస్ చూసి మొత్తం రన్‌ని ఊహించకండి. మంగళవారం రాయితీ టికెట్లకి ఎంతమంది వచ్చారన్నదే అక్కడ అసలు పరీక్ష.

ప్రశ్న: 'బాహుబలి 2' వసూళ్ళని ఇప్పటి సినిమాలతో పోల్చడం సరైనదేనా? (అనంతపురం)

రూపాయల్లో పోల్చకూడదు. అది 2017 ఏప్రిల్ 28న వచ్చింది. జీఎస్టీ జూలై 1న మొదలైంది. అప్పుడు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో వినోదపు పన్ను ఉండేది. టికెట్ ధరలు ఆ తర్వాత చాలా పెరిగాయి. ఎన్ని టికెట్లు తెగాయన్నదే న్యాయమైన పోలిక.

ప్రశ్న: ట్రైలర్ చూశాక సినిమా చూడబుద్ధి కావట్లేదు. కథంతా చెప్పేస్తున్నారు. తీసినవాళ్ళకి తెలియదా? (రాజమండ్రి)

తెలుసు. అయినా చెప్పడానికి వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. ట్రైలర్ సాధారణంగా రిలీజ్‌కి వారం, పది రోజుల ముందు వస్తుంది. అప్పటికి హక్కులు ఇంకా అమ్ముడవని ఏరియాలుంటాయి, థియేటర్ల సంఖ్య ఖరారు కాదు, హైర్స్ బేరం నడుస్తుంటుంది, అడ్వాన్స్ బుకింగ్ తెరవాలి. ఆ వారంలో ట్రైలర్ చూసే ముఖ్యమైన ప్రేక్షకుడు మీరు కాదు, బయ్యరూ థియేటర్ యజమానీ. 'ఫైట్లు ఉన్నాయా, సెంటిమెంట్ ఉందా, కామెడీ ఉందా, సెకండాఫ్‌లో విషయం ఉందా' అన్నవాటికి అతనికి జవాబు కావాలి. అన్నిటికీ జవాబు చెప్పే ట్రైలర్ కథ మొత్తం చెప్పేస్తుంది. హైర్స్ కట్టినవాడికి మొదటిరోజు ముఖ్యం, కాబట్టి మొదటిరోజుని అమ్మే ట్రైలర్ తయారవుతుంది. సోమవారం సంగతి ట్రైలర్ కట్ చేసే గదిలో ఎవరికీ గుర్తుండదు.

రెండో కారణం సాంకేతికం. ట్రైలర్ కట్ చేసే నాటికి గ్రాఫిక్స్ పూర్తయిన షాట్లు కొన్నే ఉంటాయి. ఖర్చంతా పెట్టినవి ఇంటర్వెల్, క్లైమాక్స్ కాబట్టి వాటినే ముందు పూర్తి చేయించి, వాటినే ట్రైలర్‌లో వాడేస్తారు. మూడోది నిడివి. అమెరికా థియేటర్ల సంఘం 2014 అక్టోబరు నుంచి ట్రైలర్ 2 నిమిషాలు దాటొద్దని మార్గదర్శకం పెట్టుకుంది. మన దగ్గర రెండున్నర, మూడు నిమిషాలు మామూలైపోయింది. మూడు నిమిషాలు నింపాలంటే కథ తప్ప ఇంకేం ఉంటుంది?

ఎక్కువ నష్టపోయేది కామెడీ సినిమా. యాక్షన్ షాట్ రెండోసారి చూసినా బాగుంటుంది. పంచ్ డైలాగ్ ట్రైలర్లో, రీల్స్‌లో అరిగిపోయాక హాల్లో నవ్వు పుట్టదు. హాల్లో నవ్వు లేకపోతే టాక్ పడిపోతుంది. ఆ తర్వాత నష్టమూ బయ్యర్‌దే.

కథ ముందే చెప్పడమే తప్పని మేం అనం. రాజమౌళి 'ఈగ' కథని ప్రారంభంలోనే పత్రికల ముందు చెప్పేశారు. చనిపోయిన ప్రేమికుడు ఈగగా పుట్టి పగ తీర్చుకుంటాడని తెలిసే జనం హాలుకి వచ్చారు. అక్కడ చెప్పింది మూలాంశం. అంతంత చిన్న ప్రాణి అంత పెద్ద మనిషిని ఎలా చంపుతుందన్న ప్రశ్న అలాగే ఉండిపోయింది. ప్రశ్న చెప్పిన ట్రైలర్ జనాన్ని తెస్తుంది, జవాబు చెప్పింది వాళ్ళని ఇంట్లో కూర్చోబెడుతుంది.

ప్రశ్న: మాది చిన్న థ్రిల్లర్. 2 నిమిషాల 40 సెకన్ల ట్రైలర్ కట్ అయింది. నిర్మాత ఇంకా రెండు ట్విస్టులు కలపమంటున్నారు. ఎలా కుదించాలి, ఏం దాచాలి? (విశాఖపట్నం)

ట్విస్టులు కలపకండి. మీ నిర్మాతగారికి చెప్పాల్సిన మాట ఇది: స్టార్ లేని సినిమాకి మొదటిరోజు ఎలాగూ జనం తక్కువే, శనివారం సాయంత్రం టాక్ మీదే మీ బతుకు. ఆ టాక్ ట్విస్టుల వల్ల వస్తుంది. ముందే ఖర్చు చేస్తే శనివారానికి చేతిలో ఏమీ ఉండదు.

కట్ చేసే పద్ధతి చెబుతాం. ముందు ఒక కాగితం మీద ప్రేక్షకుడు హాలుకి ఎందుకు రావాలో ఒక్క ప్రశ్నగా రాయండి. 'ఆ ఇంట్లో మూడో మనిషి ఎవరు?' అన్నంత పొట్టిగా ఉండాలి. ఆ ప్రశ్నని పుట్టించని షాట్ ఎంత బాగున్నా పక్కన పెట్టండి. నిడివి 1 నిమిషం 45 సెకన్ల నుంచి 2 నిమిషాల 10 సెకన్ల మధ్య ఉంచండి.

ఫుటేజీలో మొదటి 40 నిమిషాలే మీ గని. అందులో పాత్రలు, స్థలం, సమస్య దొరుకుతాయి. సెకండాఫ్ నుంచి ఐదారు షాట్లు మించి తీసుకోవద్దు. ఒక్కోటి 24 ఫ్రేముల లోపు, అంటే సెకను దాటకుండా, డైలాగ్ లేకుండా, సినిమాలో వచ్చే వరుస మార్చి పెట్టండి. వరుసలో పెడితే ప్రేక్షకుడి బుర్ర దానంతటదే కథ కుట్టేసుకుంటుంది. ఇంటర్వెల్ బ్యాంగ్ పూర్తిగా నిషేధం. గెస్ట్ రోల్ ఉంటే మొహం వద్దు. హంతకుడి పాత్ర వేసిన నటుడిని అసలు చూపించకపోవడం కూడా తప్పే. పోస్టర్లో ఉండి ట్రైలర్లో లేనివాడి మీదే అందరికీ అనుమానం వస్తుంది. మిగతా వాళ్ళతో సమానంగా, ఒక మామూలు సీన్లో చూపించండి.

జానర్ అబద్ధం చెప్పకండి. థ్రిల్లర్‌ని కామెడీలా అమ్మితే శుక్రవారం మార్నింగ్ షోకి తప్పుడు జనం వస్తారు. వాళ్ళకి సినిమా నచ్చదు, అసలు నచ్చేవాళ్ళు వచ్చేలోగా ఆటలు తగ్గించేస్తారు.

కట్ అయ్యాక కథ తెలియని ఐదుగురికి ఒక్కసారే చూపించండి. బాగుందా అని అడగొద్దు. కథేంటో చెప్పమనండి. ఇద్దరు ముగింపు సరిగ్గా చెబితే మళ్ళీ కట్ చేయాలి. ఏ షాట్ వల్ల తెలిసిందో వాళ్ళనే అడగండి, సాధారణంగా ఒకటో రెండో షాట్లే దోషులు.

ధ్వని విషయంలో చాలా చిన్న సినిమాలు దెబ్బతింటాయి. యూట్యూబ్ మిక్స్‌నే థియేటర్‌కి పంపొద్దు. హాలీవుడ్ ట్రైలర్లకి 85 డెసిబెల్ 'లెక్ ఎం' (ట్రైలర్ మొత్తం మీద సగటు శబ్దాన్ని కొలిచే పద్ధతి) అనే పరిమితి ఉంది, మీ మిక్సింగ్ ఇంజినీర్‌కి ఆ మాట చెబితే చాలు. యూట్యూబ్ తనంతట తాను శబ్దాన్ని మైనస్ 14 లఫ్స్ (శబ్దం గట్టితనానికి కొలమానం) దగ్గరికి దించుతుంది. అంతకన్నా గట్టిగా చేసి పంపితే ప్రయోజనం లేదు, డైలాగ్ నలిగిపోవడం ఒక్కటే మిగులుతుంది. థియేటర్‌కి డీసీపీ (ప్రొజెక్టర్‌లో ఆడించే డిజిటల్ ప్రింటు) చేయించేటప్పుడు వెడల్పాటి స్కోప్ తెర అయితే 2048 బై 858, ఫ్లాట్ అయితే 1998 బై 1080, సెకనుకి 24 ఫ్రేములు. ఎడిట్ 25 ఫ్రేముల టైమ్‌లైన్లో చేసి ఉంటే ఇక్కడే పెదవులూ మాటలూ తప్పుతాయి, ముందే సరిచూసుకోండి.

హాల్లో వేసే ట్రైలర్‌కి సెన్సార్ సర్టిఫికెట్ కావాలి. ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. యూట్యూబ్‌లో పెట్టేదానికి అక్కర్లేదు. కనుక హాల్లో వేసే కట్‌ని రిలీజ్‌కి బాగా ముందే తయారుచేసుకుని, రక్తం, బూతు తగ్గించి పంపండి. ఆఖరి వారంలో పంపి, కట్ చెబితే సరిచేసేలోగా మీ సినిమానే వచ్చేస్తుంది.

ప్రశ్న: ట్రైలర్లో చూపించిన సీను, పాట సినిమాలో లేవు. వినియోగదారుల కోర్టుకి వెళ్ళొచ్చా? (వరంగల్)

వెళ్ళినా నిలవదు. 2016లో వచ్చిన హిందీ 'ఫ్యాన్' ప్రచారంలోని పాట సినిమాలో లేదని మహారాష్ట్రలో ఒక ప్రేక్షకురాలు కేసు వేశారు. రాష్ట్ర కమిషన్ 10 వేల పరిహారం, 5 వేల ఖర్చులు ఇప్పించింది, జాతీయ కమిషన్ సమర్థించింది. 2024 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ తీర్పులు కొట్టేసింది. ప్రచార ట్రైలర్ ఒప్పందం కాదు, వాగ్దానం కాదు, అందులో ఉన్నది సినిమాలో లేకపోవడం సేవాలోపం కాదని చెప్పింది. దీనివల్ల తప్పుదోవ పట్టించే షాట్లు వాడే స్వేచ్ఛ ఎడిటర్లకి దొరికింది. రహస్యం కాపాడటానికి వాడితే మాకు అభ్యంతరం లేదు.

ప్రశ్న: 24 గంటల్లో ట్రైలర్‌కి వచ్చిన వ్యూస్‌కీ ఓపెనింగ్స్‌కీ సంబంధం ఉంటుందా? (నెల్లూరు)

తక్కువ. యూట్యూబ్‌లో ట్రైలర్‌ని ప్రకటనగా నడిపితే, దాటవేసే వీలున్న ప్రకటనని 30 సెకన్లు చూసినా వ్యూగా పడుతుంది. మ్యూజిక్ వీడియోల 24 గంటల రికార్డులకి ఇలా కొన్న వ్యూస్ లెక్కపెట్టబోమని యూట్యూబ్ 2019 సెప్టెంబరులో ప్రకటించింది. ట్రైలర్ కింద కనిపించే అంకెకి ఆ వడపోత లేదు. లైకులు, కామెంట్లు వ్యూస్‌తో పాటు పెరుగుతున్నాయా చూడండి. వ్యూస్ ఒక్కటే పరుగెడితే డబ్బు పెట్టి నడుపుతున్నట్టు.

ప్రశ్న: కథ తెలియకుండా సినిమా చూడాలంటే ఏం చేయాలి? ట్రైలర్ మానేసినా ఎలాగో తెలిసిపోతోంది. (సికింద్రాబాద్)

టీజర్ చూడండి, ట్రైలర్ ఆపేయండి. అంతగా ఉండబట్టకపోతే మొదటి 45 సెకన్లు చూసి కట్టేయండి. పాత్రల పరిచయం అక్కడే ఉంటుంది, చెడగొట్టేవి ఆఖరి నిమిషంలో ఉంటాయి. 'రిలీజ్ ట్రైలర్', 'స్నీక్ పీక్' అన్నవాటి జోలికి అసలు వెళ్ళకండి. ఓపెనింగ్ బలహీనంగా ఉందని భయపడినప్పుడు దాచినవి కూడా అందులో పెట్టేస్తారు.

యూట్యూబ్ సెట్టింగ్స్‌లో 'ప్లేబ్యాక్ ఇన్ ఫీడ్స్' ఆఫ్ చేస్తే వేలు ఆగినచోటల్లా వీడియో దానంతటదే ఆడదు. వాచ్ హిస్టరీ ఆపేసి, పాతది కూడా చెరిపేస్తే హోమ్ పేజీలో సిఫార్సులే రావు. రిలీజ్ వారం వరకు ఇలా ఉంచి తర్వాత మార్చుకోవచ్చు. ఎక్స్‌లో ప్రైవసీ అండ్ సేఫ్టీ, తర్వాత మ్యూట్ అండ్ బ్లాక్, తర్వాత మ్యూటెడ్ వర్డ్స్‌లోకి వెళ్ళి సినిమా పేరు తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ, హీరో పేరు, దర్శకుడి పేరు, హ్యాష్‌ట్యాగ్ వేర్వేరుగా చేర్చండి. ఒక్క పేరే వేస్తే పొట్టి పేర్లతో వచ్చే పోస్టులు జారిపోతాయి.

ఇది రిలీజ్ రోజు పొద్దున కాదు, ముందురోజు రాత్రే చేయాలి. అమెరికా తూర్పు తీరం మనకన్నా ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు వెనక. అక్కడ మధ్యాహ్నం 2 గంటల ప్రీమియర్ అంటే మనకి రాత్రి పదకొండున్నర లేదా పన్నెండున్నర. మీరు నిద్ర లేచేసరికి ఇంటర్వెల్ ట్విస్టు, క్లైమాక్స్ ఫోటోలతో సహా ఫోన్లో ఉంటాయి. బ్రిటన్‌లో కూడా విడుదలయ్యే తెలుగు సినిమాలకి అక్కడి సెన్సార్ సంస్థ బీబీఎఫ్‌సీ తన వెబ్‌సైట్‌లో హింస, బెదిరింపు సన్నివేశాల వివరాలు రాస్తుంది. నిడివి కోసం వెతికేవాళ్ళు అక్కడ అడుగుపెట్టి ఎవరు ఎలా చనిపోతారో చదివేసి బయటికొస్తుంటారు. నిడివి కావాలంటే మీ బుకింగ్ యాప్‌లో సినిమా పేరు కిందే ఉంటుంది.